కొసరు వేసి చెప్పిన లెక్క

సత్యవేణి మేడం లేరన్న వార్త నాకు ఒక ప్రశ్నగా చేరింది. మొన్న మంగళవారం పొద్దున్న ఏలూరు డెస్కు నుంచి ఫోను వచ్చింది. కొత్తగా చేరిన ఉపసంపాదకురాలు. గొంతులో పని తొందర.

"సార్, మద్దుల సత్యవేణి గారు మీకు బాగా తెలుసంట కదండీ. వయసు ఎంత వేయమంటారు?"

పేరు చెప్పి వయసు అడుగుతున్నారంటే అర్థం ఏమిటో పత్రికలో పనిచేసినవాడికి విడమర్చి చెప్పనక్కర్లేదు. ఆ ప్రశ్న పట్టుకుని ఎన్నో ఇళ్ళ గుమ్మాల ముందు నేనూ నిలబడ్డాను. ముందురోజు సాయంత్రమే ఆమెతో మాట్లాడాను. కొల్లేటికి ఈ ఏడు పక్షులు ఆలస్యంగా వచ్చాయని నేనంటే, "అవి ఆలస్యమో, మనమే తొందరపడి ఎదురుచూశామో కనుక్కోవాలండీ" అని నవ్వారు. తెల్లవారేసరికి నిద్రలోనే పోయారట.

"డెబ్బై ఎనిమిది" అన్నాను.

ఫోను పెట్టేశాక ఆమె గొంతు పక్క గదిలోంచి వినిపించినట్టయింది. "కొసరేదండీ?"

ఏలూరులో ఒక డిగ్రీ కళాశాలలో గణితం బోధించి పదవీ విరమణ చేసిన అధ్యాపకురాలిగా ఆమె జిల్లాలో చాలామందికి తెలుసు. ఆ బోధన ఎంత గొప్పదో చెప్పడానికి శిష్యులున్నారు, చెబుతారు. నేను ఆమె శిష్యుణ్ణి కాను. నేను ఎరిగింది తరగతి గది బయటి సత్యవేణి గారిని. బస్టాండులో, కూరగాయల బజారులో, చేపల చెరువు గట్టున లోకం తన పాటికి తాను లెక్క చేసుకుంటూ పోతుంటే, ఆగి చూసి, పక్కనున్నవాళ్ళకు చూపించిన మనిషిని. ఆమె చూపించిన వస్తువు ఆ తరువాత మునుపటిలా కనిపించేది కాదు. ఇంతకాలం మన కళ్ళెదుటే ఉన్న గోడకు ఒక తలుపు ఉందని ఎవరో చెప్పినట్టు ఉండేది.

ఆమె పుట్టిల్లు తాడేపల్లిగూడెం. తండ్రిగారికి బజారులో పప్పుల కొట్టు. అన్నిటికీ కాటాలు రాని రోజుల్లో, మినుములూ పెసలూ కుంచాలతో కొలిచే కొట్టు అది. తండ్రి కొలుస్తూ, "లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఆరున్నొకటి, ఎనిమిది" అని పాటలా లెక్కపెట్టేవారట. ఒకటి అనడానికి బదులు లాభం. ఏడు అనడానికి బదులు ఆరున్నొకటి. బళ్ళో నేర్పిన అంకెలకూ కొట్లో వినపడే అంకెలకూ పొత్తు కుదరక పిల్ల వెళ్ళి తండ్రిని అడిగింది.

"ఏడు అంటే ఏడుపమ్మా. కొట్లో ఏడవకూడదు" అన్నారట ఆయన.

"మరి ఏడు కుంచాలు కావాలంటే ఇవ్వరా?"

"ఇస్తాం. పేరు పలకం, అంతే."

ఈ ముచ్చట చెప్పినప్పుడల్లా ఆమె కళ్ళు మెరిసేవి. "అంకె వేరు, దాని పేరు వేరు అని నాకు ఆ రోజే తెలిసిందండీ. పేరు పలక్కపోయినా అంకె అక్కడ కూర్చునే ఉంటుంది. తరువాత పెద్ద పెద్ద పుస్తకాలు చదివాను. వాటిలో చాలా భాగం మా నాన్నగారి కొట్లో విన్నదే, కాకపోతే వాళ్ళు ఏడు అని పైకి అంటారు."

కొసరు అన్న మాటనూ ఆమె ఆ కొట్లోంచే తెచ్చుకున్నారు. సరుకు కొలిచాక చివర్న మరో గుప్పెడు వేసే అలవాటు ఈ ప్రాంతంలో ఎవరికి తెలియదు? వంకాయలు తూచినామె మరో వంకాయ వేస్తుంది, కరివేపాకు రెబ్బ పెడుతుంది. మనం దాన్ని మర్యాద అనుకుంటాం. బేరం అనుకుంటాం. తండ్రి ఆమెకు వేరే చెప్పారు. "కుంచం నిండిందని నా కన్ను చెప్తోంది. కన్ను పొరపడొచ్చు. ఆ పొరపాటు కొన్నవాళ్ళ నెత్తిన పడకూడదు కదమ్మా. అందుకే గుప్పెడు." కొలిచే ప్రతివాడూ పొరపడతాడనీ, ఆ పొరపాటు ఎంత ఉండవచ్చో ముందే ఒప్పుకుని కొలతతో పాటు చేతిలో పెట్టాలనీ చెప్పే శాస్త్రం ఒకటుందని ఆమె ఎమ్మెస్సీలో చదువుకున్నారు. ఆ రోజు క్లాసులో తనకు కళ్ళనీళ్ళు వచ్చాయని ఒకసారి నాతో అన్నారు.

అప్పటినుంచీ కొసరు వేయకుండా ఆమె అంకె చెప్పేవారు కాదు. "పన్నెండు కిలోమీటర్లు, కొసరు." "గంటన్నర, కొసరు." తన వయసు సంగతీ అంతే. "సర్టిఫికెట్ ప్రకారం ఇంత. బళ్ళో చేర్చిన రోజు మాస్టారు తోచిన తారీఖు వేశారు. మా అమ్మ లెక్కలో నేను ఆ ముందటి శ్రావణంలో పుట్టాను. అంచేత కొసరు వేసుకోండి" అనేవారు. అందుకే మంగళవారం పొద్దున్న నేను ఒట్టి అంకె చెప్పినందుకు ఆమె గొంతు వినబడింది.

నేను ఆమెను మొదట కలిసింది ఏలూరులో ఒక బహిరంగసభ నాడు. సభ జరుగుతున్న మైదానం ఎదుట ఆమె బంధువుల మేడ ఉండేది. ఫొటో బాగా వస్తుందని మేం ఆ మేడ ఎక్కాం. ఆమె పిట్టగోడ దగ్గర నిలబడి జనాన్ని చూస్తున్నారు. వేదిక మీద నాయకుడు 'లక్షలాదిగా తరలివచ్చిన ప్రజలారా' అంటున్నాడు.

"లక్షలాది అని రాసేస్తారా?" అని అడిగారు, నా చేతిలో కలం చూసి.

"ఎంతమంది ఉంటారంటారు?"

ఆమె కిందికి వేలు చూపించారు. "ఆ రెండు కర్రల మధ్య ఉన్న చోటు మీ మంచాలు నాలుగు వేసినంత. అందులో తలలు లెక్కపెట్టండి. అలాంటి చోట్లు మైదానంలో ఎన్ని పడతాయో చూడండి. ముందర కిక్కిరిసి ఉన్నారు, వెనక పలచగా ఉన్నారు, అంచేత రెండు చోట్లా లెక్కపెట్టండి." పది నిమిషాల్లో ఒక అంకె తేలింది. నాయకుడి అంకెకూ దానికీ పోలిక లేదు. అంతమందినీ ఒక్కరిని కూడా కదపకుండా పిట్టగోడ మీద నుంచి లెక్కించవచ్చునని నాకు అప్పటిదాకా తెలియదు. నేను ఆశ్చర్యపోతుంటే ఆమె నవ్వి, "మా కొట్లో గుప్పెడు కొసరు వేసేవాళ్ళమండీ. మీ పేపరువాళ్ళు ఏకంగా బస్తా వేసేస్తారు" అన్నారు.

ఆ మాటతో స్నేహం కుదిరింది. తరువాత ఏ అంకె మీద అనుమానం వచ్చినా ఆమె ఇంటికి వెళ్ళడం నాకు అలవాటైంది. కాఫీ ఇచ్చేవారు. కాఫీ చల్లారే తీరులో కూడా ఒక వంపు ఉందనీ, మొదట గబగబా చల్లారి తరువాత నెమ్మదిస్తుందనీ, అలిగిన మనుషులు కూడా ఇంచుమించు అలాగే చల్లారతారనీ చెప్పేవారు.

ఒకసారి ఇద్దరం తాడేపల్లిగూడెం వెళ్ళడానికి ఏలూరు బస్టాండులో నిలబడ్డాం. ఎంతకీ బస్సు రాలేదు. నేను విసుక్కున్నాను. "ఎప్పుడొచ్చినా నా రాత ఇంతేనండీ. నేను వచ్చేముందే బస్సు వెళ్ళిపోతుంది."

"మీ రాత కాదు లెండి. అందరి రాతా అంతే" అన్నారు ఆమె. "బస్సులు సమానంగా రావు కదా. రెండు బస్సులు ఒకదాని వెనక ఒకటి వచ్చేస్తాయి, తరువాత పెద్ద ఖాళీ. రోజులో ఎక్కువ సమయం ఆ పెద్ద ఖాళీలదే. మీరు కళ్ళు మూసుకుని రోజులో ఏదో ఒక క్షణాన వచ్చి ఇక్కడ నిలబడితే చిన్న ఖాళీలో పడతారా, పెద్దదాంట్లో పడతారా? పెద్ద ఖాళీకి నోరు పెద్దదండీ."

నేను ఆ మాట చాలాసేపు నెమరు వేసుకున్నాను. దురదృష్టమని ఇన్నాళ్ళూ నేను మోస్తున్నది దురదృష్టమే కాదని, అందరికీ సమానంగా పంచిన లెక్కని తెలియడం వింతగా ఉంది. ఆ రోజు రెండు బస్సులు కలిసే వచ్చాయి. ఆమె ముందు బస్సు వదిలేసి వెనకదాంట్లో ఎక్కించారు. అది ఖాళీగా ఉంది.

నల్లజర్ల వైపు ఒక కళ్ళంలో ధాన్యం రాశులు చూపిస్తూ, చిన్న రాశీ పెద్ద రాశీ ఒకే వాలులో జారి నిలుస్తాయని చెప్పింది కూడా ఆమే. గింజ తడి మారితే తప్ప వాలు మారదు. అందువల్ల చుట్టుకొలత తెలిస్తే చాలు, ఎత్తు దానంతట అదే తెలుస్తుంది. "ఇంత అల్లరిగా దొర్లే గింజలు, ఎవరూ చెప్పకుండానే ఒక మాట మీద నిలబడతాయండీ" అని ఆమె రాశి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. గుడిలో నిలబడ్డట్టు. అక్కడి రైతు కాస్త కంగారుపడి నన్ను పక్కకి పిలిచి, "మేడం గారికి ఒంట్లో బాగానే ఉందాండీ?" అని అడిగాడు.

ఇలాంటివి ఎన్నయినా చెప్పవచ్చు. కాని ఆమెను తలచుకోగానే నాకు ముందు గుర్తొచ్చేది ఆమె లెక్క తప్పిన రోజు.

కొల్లేటి పక్కన ఒక ఊళ్ళో ఆమె పాత శిష్యుడు రాంబాబు మరికొందరితో కలిసి చేపల చెరువు లీజుకు తీసుకున్నాడు. ఊరి పేరు రాయను. చెరువు మీద కాపలాకు కొల్లేటికోట నుంచి పోతురాజు అనే ఆయనను పెట్టుకున్నారు. పొద్దున్నే దోనె మీద వెళ్ళి చేపలకు మేత కట్టడం, పగలూ రాత్రీ గట్టు మీద ఉండటం ఆయన పని. చేపలన్నీ పట్టి అమ్మే పట్టుబడికి ఇంకా నెలలు ఉన్నాయనగా ఎవరో ఒక మాట పుట్టించారు, పోతురాజు చేపలు బయటికి అమ్ముకుంటున్నాడని. చెరువు ఎండగట్టి చూడటానికి లేదు. చేప ఎదగలేదు. ఏమీ తోచక రాంబాబు మేడం దగ్గరకి వచ్చాడు.

"చేపలు పైకి తియ్యకుండా చెరువులో ఎన్ని ఉన్నాయో తెలుసుకునే లెక్క ఏదో ఉందని మీరు క్లాసులో చెప్పారు కదా మేడం."

ఆ లెక్క ఉంది. వినగానే గారడీలా ఉంటుంది. కొన్ని చేపలు పట్టి, రెక్క చివర కొంచెం కత్తిరించి గుర్తుపెట్టి, మళ్ళీ నీళ్ళలో వదిలేస్తారు. కొన్నాళ్ళు ఆగి మరో వల వేస్తారు. ఆ వలలో పడ్డవాటిలో పదింట ఒకటి గుర్తున్నదైతే, చెరువు మొత్తంలోనూ గుర్తున్నవి పదో వంతే అనుకోవచ్చు. గుర్తుపెట్టినవి నూరయితే చెరువులో వెయ్యి. అంతే. కంటికి కనపడని వెయ్యి చేపలు, చేతిలో ఉన్న పది చేపల్లోంచి పలుకుతాయి. తండ్రి కొట్లో మినుముల బస్తాలో గుప్పెడు కందులు కలిపి ఈ లెక్క నిజమేనా అని తాను చిన్నప్పుడే ఆడి చూశానని, అప్పుడు దానికి పేరుందని తెలియదని ఆమె చెప్పారు. చెరువు మీద దాన్ని చేసే అవకాశం వచ్చినందుకు చిన్నపిల్లలా సంబరపడ్డారు.

రాంబాబు మనుషులు వల వేశారు, గుర్తులు పెట్టారు, వదిలారు. పది పన్నెండు రోజులయ్యాక మళ్ళీ వల వేశారు. గుర్తున్నవి బోలెడు పడ్డాయి. అంటే మొత్తం చేపలు తక్కువ. చెరువులో వేసిన చేపపిల్లల్లో చచ్చేవి పోగా ఉండవలసినదానిలో సగం కూడా లేవని లెక్క తేలింది.

"ఎన్నున్నాయంటారు మేడం? ఒక్క అంకె చెప్పండి" అన్నాడు రాంబాబు.

"కొసరు ఉంటుందండీ రాంబాబు గారూ." శిష్యులను కూడా ఆమె మీరు అనే పిలిచేవారు.

"భాగస్తులు నా నెత్తిన కూర్చున్నారు మేడం. ఇంతా అంతా అంటే వాళ్ళకి ఎక్కదు. ఒక్క అంకె చెప్పండి, చాలు."

ఆమె ఒక్క అంకె చెప్పారు. నాకు తెలిసినంతవరకు ఆమె జీవితంలో కొసరు లేకుండా చెప్పిన అంకె అదే.

ఆ సాయంత్రమే పోతురాజును గట్టు దింపేశారు. కేసు పెట్టలేదు. పెట్టనక్కర్లేదు కూడా. కొల్లేట్లో ఒక గట్టు మీద దొంగ అన్న పేరు పడితే ఏ గట్టు మీదా నిలబడనివ్వరు. ఆ మనిషికి చెరువు పని తప్ప మరో పని రాదు.

వారం తిరక్కుండా ఆమె నాకు ఫోను చేశారు. అంతకుముందు ఎప్పుడూ వినని గొంతు.

"రేపు పొద్దున్నే చెరువు మీదకి వెళ్దాం, వస్తారా? కెమెరా వద్దండీ. మీరు వస్తే చాలు."

దారిలో సంగతి చెప్పారు. ముందురోజు కూరగాయలు కొంటూ అలవాటుగా కొసరు అడిగారట. అమ్మే ఆవిడ ఎలక్ట్రానిక్ కాటా చూపించి, "గ్రాముతో సహా చూపిస్తందమ్మా. ఇంక కొసరెందుకూ?" అందట. సంచీ అక్కడే వదిలేసి ఇంటికి వచ్చేశానన్నారు. "ఆవిడని తప్పుపట్టడానికి నోరు తెరిచానండీ. నా నోరే నాకు అడ్డం వచ్చింది. రాంబాబు గారికి నేనూ కాటాలాగే చెప్పాను కదా."

మేం వెళ్ళేసరికి ఎండ ఇంకా ఎక్కలేదు. కొత్త మనిషి దోనె మీద తిరుగుతూ, నీళ్ళలో పాతిన కర్రలకు మేత సంచులు కడుతున్నాడు. తవుడూ వేరుశనగ చెక్కా కలిపిన మేత. సంచులకు కన్నాలుంటాయి, చేపలు వచ్చి వాటిలోంచి లాక్కుతింటాయి. సంచి నీళ్ళను తాకీ తాకగానే ఆ కర్రల చుట్టూ నీరు ఉడికినట్టయింది. చెరువు మిగతా భాగం అద్దంలా ఉంది.

ఆమె చాలాసేపు చూశారు. తరువాత రాంబాబును అడిగారు.

"వల ఎక్కడ వేశారండీ?"

"అక్కడేనండీ మేడం, సంచుల దగ్గర. చేప బాగా పడేది అక్కడే కదా."

"రెండోసారి?"

"ఆయ్, అక్కడే."

ఆమె గట్టు మీద కూర్చుండిపోయారు. చీర కుచ్చెళ్ళు బురదలో పడ్డాయి, చూసుకోలేదు.

"మనం లెక్కపెట్టింది చెరువుని కాదండీ. ఆకలిని" అన్నారు.

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆమె నెమ్మదిగా చెప్పారు. సంచుల దగ్గరికి ఎగబడే చేపలే మొదట వలలో పడ్డాయి, వాటికే గుర్తులు పడ్డాయి. రెండోసారి వల వేసిందీ అక్కడే కనుక అవే మళ్ళీ పడ్డాయి. లోతున తిరిగేవీ, బెదిరి దూరంగా ఉండేవీ ఈ లెక్కలోకి రానే లేదు. గుర్తున్న చేప మిగతావాటిలో కలిసిపోవాలి. కందులు మినుముల్లో కలిసిపోయినట్టు. ఇక్కడ బస్తా కలియతిప్పిన చెయ్యి లేదు.

"మరి కొసరు ఎంతంటారు?" అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"ఇది కొసరుకి లొంగే తప్పు కాదండీ. కాని నేను కొసరు లెక్కకట్టడానికి కూర్చుని ఉంటే, వల ఎక్కడ వేశారని అప్పుడే అడిగి ఉండేదాన్ని. అడక్కుండా అంకె చెప్పేశాను."

ఆ రోజే చెరువు నాలుగు మూలలా, నడిమధ్యనా వలలు వేయించారు. దూరపు మూలల్లో గుర్తున్న చేప దాదాపు పడలేదు. కొత్త లెక్క చాలా వెడల్పుగా వచ్చింది. ఇంతకు తక్కువ ఉండకపోవచ్చు, ఇంతకు మించకపోవచ్చు అని రెండు హద్దులు. ఉండవలసిన సంఖ్య ఆ హద్దుల మధ్య సుఖంగా ఇమిడిపోయింది.

రాంబాబుకు కోపం వచ్చింది. "అయితే దొంగతనం జరగలేదనా మేడం?"

"జరగలేదని నా లెక్క చెప్పలేదు. జరిగిందని చెప్పే అర్హత కూడా దానికి లేదు. లేని అర్హత నేను దానికి ఇచ్చాను."

"మరి ఆ రోజు అంత గట్టిగా చెప్పారు?"

"అదే నా తప్పండీ. పోతురాజు గారి ఊళ్ళో అందరికీ చెప్పాలి. నాతో వస్తారా, నన్నే వెళ్ళమంటారా?"

రాంబాబు రాలేదు. మర్నాడు మేమిద్దరం కొల్లేటికోట వెళ్ళాం. మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఊరి పెద్దలు మండపంలో చేరిన వేళ. పోతురాజు వెనకాల, స్తంభాన్ని ఆనుకుని నిలబడ్డాడు. గట్టు దింపేసినప్పటినుంచీ నలుగురిలోకి రావడం మానేశాడట. మేడం వచ్చారని ఎవరో లాక్కొచ్చారు.

కళాశాలలో వందలమంది ముందు నిలబడినట్టే ఆమె మండపం మధ్యకు వచ్చి నిలబడ్డారు. చేపల లెక్క ఎలా చేస్తారో, తాను ఎక్కడ పొరపడ్డారో పూసగుచ్చినట్టు చెప్పారు. వాళ్ళు చెరువు మనుషులు. సగం చెప్పగానే తల ఊపడం మొదలుపెట్టారు. ఒక పెద్దాయన, "సంచుల దగ్గర వలేసి చెరువు లెక్క చెప్పడమంటే, పెళ్ళి పందిట్లో జనాన్ని చూసి ఊరి లెక్క చెప్పడమేనమ్మా" అన్నాడు. నలుగురూ నవ్వారు. ఆమె కూడా నవ్వి, "ఆయ్, నేను చేసింది అదేనండీ" అన్నారు.

పోతురాజు నవ్వలేదు. స్తంభం దగ్గర నుంచే అడిగాడు.

"అమ్మగారూ, అయితే నేను తియ్యలేదని చెప్తారా?"

ఆయనకు కావలసింది ఆ ఒక్క మాట. లెక్క తప్పిందంటే ఆయన దొంగ అయి ఉండవచ్చు, కాకపోవచ్చు. ఆ కాకపోవచ్చుతో ఏ గట్టు మీదా పని దొరకదు. అవునని ఒక్క మాట అనేస్తే ఆమెకు పోయేదేమీ లేదు. కాని లెక్క చెప్పని మాటను లెక్క పేరుతో ఆమె అనలేరు. ఒకసారి అన్నందుకే అక్కడికి వచ్చారు.

"లెక్క ప్రకారం నేను చెప్పలేనండీ పోతురాజు గారూ" అన్నారు ఆమె.

ఆయన తల దించుకున్నాడు.

"లెక్క అక్కడితో అయిపోయింది. ఇప్పుడు లెక్క పక్కన పెట్టి, నా మాటగా చెప్తున్నాను. మీరు తియ్యలేదు. ఇది నా కొసరు. వీళ్ళందరి ముందూ వేస్తున్నాను."

ఇందాకటి పెద్దాయనే లేచి పోతురాజు భుజం మీద చెయ్యి వేసి, ముందు వరసలోకి తీసుకొచ్చి కూర్చోబెట్టాడు. ఆ నెలలోనే మరో చెరువు మీద ఆయనకు కాపలా దొరికింది. ఇవాళ్టికీ అదే గట్టు మీద ఉన్నాడు.

ఇంతకీ పట్టుబడిలో ఎన్ని చేపలు వచ్చాయని ఈ కథ విన్నవాళ్ళంతా అడుగుతారు. అసలు పట్టుబడే జరగలేదు. ఆ ఏడు వానలకు వాగులు పొంగి కొల్లేటి మీద పడ్డాయి. రాంబాబు చెరువు గట్టు తెగింది. గుర్తున్న చేపలూ గుర్తు లేని చేపలూ అన్నీ కొల్లేట్లో కలిసిపోయాయి. ఆ లెక్క ఇక ఎప్పటికీ తేలదు. నేను ఆ మాట చెప్పి బాధపడితే, ఆమె, "ఇప్పుడు బాగా కలిసిపోయి ఉంటాయండీ" అన్నారు. మళ్ళీ తానే, "తేలకపోతే ఏం? చెప్పవలసింది తేలకముందే చెప్పేశాం" అన్నారు.

ఆ జవాబు ముందు నేను ఇప్పటికీ ఆశ్చర్యంగా నిలబడే ఉన్నాను. గణితం నిశ్చయమైనదని మనకు నేర్పారు. నిశ్చయం ఎక్కడ ఆగిపోతుందో చూపించడం కూడా గణితమేనని ఆమె నేర్పారు. ఆ హద్దు దాకా ఒక్క అడుగు తగ్గకుండా నడవాలి. అక్కడికి చేరాక, మనిషి తన సొంత గుప్పెట్లోంచి ఏదైనా వేయదలచుకుంటే వేయవచ్చు, అది గుప్పెటిదేనని చెప్పి మరీ వేయాలి. జిల్లాలో ఇకముందు కూడా అంకెలకు కొరత ఉండదు. కాటాలు ఉన్నాయి, ఫోన్లు ఉన్నాయి, సభల్లో నాయకులు ఉన్నారు. అంకె పక్కన నిలబడి, ఇది పొరపడవచ్చునండీ, ఆ భారం నాది అనే మనిషి లేకుండా పోయారు. ఆ చోటు పూడ్చడానికి నాకు ఎవరూ కనిపించడం లేదు.

బుధవారం ఏలూరులో అంత్యక్రియలు జరిగాయి. భర్త ముందే పోయారు. పిల్లలు లేరు. గూడెం నుంచి వచ్చిన తమ్ముడి కొడుకు కర్మ చేశాడు. శిష్యులు చాలామంది వచ్చారు. రాంబాబు కూడా వచ్చి దూరంగా నిలబడ్డాడు. కడసారి నోట బియ్యం వేయడం బంధువులది అయ్యాక, వేయదలచినవాళ్ళు రావచ్చునన్నారు. వరసలో చివరన, మోకాళ్ళ దాకా పంచె ఎగగట్టుకున్న ఒక పెద్దమనిషి ముందుకు వచ్చాడు. పోతురాజు. కొల్లేటికోట నుంచి మొదటి బస్సుకు బయల్దేరి వచ్చానన్నాడు.

అందరిలాగే మూడుసార్లు బియ్యం వేశాడు. పక్కకు తప్పుకోబోయి ఆగి, పళ్ళెంలోంచి మళ్ళీ నాలుగు గింజలు తీశాడు.

"మూడే నాయనా" అన్నాడు పురోహితుడు.

"ఆయ్, మూడేనండీ" అన్నాడు పోతురాజు, గింజలు ఆమె పెదవుల మీద మెల్లగా వదులుతూ. "ఇది కొసరు."